ఆఖరి స్టాపు

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తిప్పిన చేతులివి.
వలెట్టా నుంచి జుర్రీ దాకా, రోజుకు ఆరు ట్రిప్పులు.
మాల్టాలో ఎటు తిప్పినా కాసేపటికి
సముద్రమే అడ్డొస్తుంది.

మా విచారణ నుంచి పదకొండు మందిమి
ఆగస్టు నెలకని బొలీవియా వచ్చాం.
కొచబంబా దాటాక, పచ్చిక ఎండిన కొండ కింద
సిస్టర్ యులోహియా చూసుకునే పిల్లల ఇల్లు.
"ఇవ్వడానికి వెళ్తున్నాం" అని బయల్దేరే ముందు పూజలో
ఫాదర్ అన్నాడు.
ఒకామె పళ్ల డాక్టరు. ఒకడికి గిటారు వచ్చు.
నాకు వచ్చిందల్లా క్లచ్చు, గేరు, బ్రేకు.
ఆ ఇంటికి బండి లేదు.

బంగాళాదుంపలు ఒలవమన్నారు.
నా తొక్కల మందం చూసి వంటావిడ కసిమీరా
పల్లెత్తు మాట అనలేదు.
తొక్కల బుట్ట తన ముందుకు లాక్కుని
వాటినే ఇంకోసారి ఒలిచింది.

రాత్రి జపమాలలో నా వంతు వస్తే
మరియతల్లిని నా భాషలో పిలిచేవాణ్ణి,
పిల్లలు వాళ్ల భాషలో అందుకునేవాళ్లు.
ఆమెన్ దగ్గర మాత్రం అందరం ఒకేసారి చేరేవాళ్లం.

రెండో వారం, గాలిదుమ్ము లేచిన ఒక మధ్యాహ్నం
పిల్లల్ని భోజనాల గదిలోకి తోలి తలుపులేశారు.
బెంచీలు ఒకదాని వెనక ఒకటి ఎవరు జరిపారో తెలీదు.
ముందు కుర్చీలో నేను. చేతుల్లో రేకు పళ్లెం.
హారన్ నోటితోనే.

నాయ్రా సంత దగ్గర దిగింది.
సౌల్ ఫుట్‌బాల్ మైదానం దగ్గర.
ఒక పిల్ల సముద్రానికి పోనియ్యమంది.
వాళ్ల దేశానికి సముద్రం లేదు,
మాకున్నది అదొక్కటే.
అక్కడ కాస్త ఎక్కువసేపు ఆపాను.
దిగినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని
గచ్చు మీద మునివేళ్లతో నడిచారు.

వెనక బెంచీలో లింబెర్త్. ఆరేళ్లుంటాయేమో.
"నువ్వెక్కడికి బాబూ?"
"చివరిదాకా."

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది:
ఆఖరి స్టాపులో బండి ఖాళీ చేయించాలి.
తాగి పడుకున్నవాళ్లని, ఊరు దాటిపోయిన ముసలమ్మల్ని,
ముద్దుల్లో మునిగిన జంటల్ని
భుజం తట్టి దింపినవాణ్ణే,
"ఇంతే, దిగండి" అని.
ఆ రెండు మాటలు స్పానిష్‌లో కూడా వచ్చు నాకు.
నోరు పెగల్లేదు.
పళ్లెం పూర్తిగా తిప్పి
వచ్చిన దారినే మళ్లీ పోనిచ్చాను.
సముద్రం, మైదానం, సంత.
వాడు దిగలేదు.
మళ్లీ తిప్పాను.

సిస్టర్ గంట కొట్టడానికి వచ్చి
గుమ్మంలో నిలబడి చూసి
గంట నాలుకని వేళ్లతో పట్టుకుని వెళ్లిపోయింది.
కసిమీరా తడి ఏప్రన్‌తోనే వచ్చి రెండో బెంచీలో కూలబడి
"కిల్యకోల్యోకి ఒకటి" అంది.
టికెట్టు యాభై సెంటావోలు అన్నాను.
నిజంగానే నాణెం తీసి ఇచ్చింది, ఒక బొలీవియానో.
ఆ రాత్రి సూపు చల్లారిపోయింది.

మేలే చేశానో, ఇంకేం చేశానో.
తిరిగి రాని బస్సుని
ఒక పసివాడికి అలవాటు చేసి వచ్చానేమో
అని ఇప్పటికీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అనిపిస్తుంది.

వెళ్లేరోజు మా కోసం అద్దె వ్యాను వచ్చింది.
ఎవరో నడుపుతుంటే పక్కన కూర్చోవడం
నాకు చేతకాదు, కాళ్లు ఊరుకోవు.
పిల్లలు గేటు దాకా వచ్చి పాడారు.
వాళ్లలో లింబెర్త్ లేడు.
భోజనాల గది కిటికీలోంచి హారన్ వినపడింది,
గొంతు వాడిదో కాదో
డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేసేశాడు.

కోటు జేబులో నాణెం ఇంకా ఉంది.
కసిమీరాకి
యాభై సెంటావోల చిల్లర బాకీ నేను.